కంచం అడుగున రాత

నేను ఒక స్టీలు కంచాన్ని. అందులోనూ పిరికి కంచాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం, తరవాత నా ధైర్యసాహసాల కోసం మీరు వెతుక్కోనక్కర్లేదు. మనుషులు తమ కథ చెప్పుకునేటప్పుడు భయపడ్డ చోట్లు దాటేసి గెలిచిన చోట్ల దగ్గర తీరిగ్గా ఆగుతారు. నా కథలోంచి భయం తీసేస్తే మిగిలేది పావుకిలో రేకు.

నేను పుట్టింది ఒక కార్ఖానాలో. గుండ్రంగా కోసిన రేకు మీద పెద్ద యంత్రం ఒక్క గుద్దు గుద్దింది, నేనయ్యాను. అంచు మడిచారు, చక్రానికి ఆనించి మెరుగు పెట్టారు. ఆ గుద్దు నాలోంచి ఇప్పటికీ పోలేదు. చప్పుడంటే చచ్చేంత భయం నాకు. విచిత్రం ఏమిటంటే నేను చెయ్యిజారి కింద పడితే నా అంత చప్పుడు ఇంకెవరూ చెయ్యలేరు.

అక్కణ్ణుంచి విజయనగరంలో ఒక గిన్నెల కొట్టుకు చేరాను. ఒకరోజు వజ్రపు నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. భుజానికి ఇంకా ఆ తోలు సంచీ ఉన్నట్టే ఒక పక్కకి వంగి నడుస్తుంది. వాళ్ళమ్మ ఎరుకమ్మ పోయి ఏడాది అవుతోందట, అనాథ పిల్లలకు కంచాలు ఇస్తానని మొక్కుకుందట. నలభై కంచాలు తీయించింది. కొట్టతను పేరు చెక్కే యంత్రం తీసి, "పై అంచు మీద కొడతానమ్మా, అందరికీ కనబడుద్ది" అన్నాడు.

"అందరికీ కనబడక్కర్లేదు బాబూ. తినేవోయిపు మాయమ్మ పేరుంటే ఎంగిలైపోదేటి? అడుగున కొట్టు" అంది నూకరత్నం.

ఆ ఒక్క పట్టింపే తరవాత జరిగినదానికంతటికీ మూలం. సూది గిర్రుమంటూ నా వీపు మీద చుక్క చుక్కగా పొడిచింది: 'కీ.శే. ఎరుకమ్మ జ్ఞాపకార్థం, కూతురు నూకరత్నం.' నొప్పేసింది కానీ, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా వేసింది. పేరున్న కంచాన్నయ్యాను మరి.

మమ్మల్ని తీసుకెళ్ళి 'చల్లని నీడ' అనే బాలికల నిలయంలో ఇచ్చారు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు. అమ్మానాన్నలు పోయినవాళ్ళు, ఉండీ లేనివాళ్ళు, బంధువుల ఇళ్ళలో దెబ్బలు తిని తేలినవాళ్ళు. వాళ్ళ మీద అధికారి విమలాదేవి. గంజి పెట్టిన చీర, మెత్తటి మాట, చేతిలో తాళాల గుత్తి. పిల్లలందరూ తనను 'అమ్మా' అనే పిలవాలని ఆవిడ నియమం. మేడమ్ అంటే పలకదు. తల్లి కోసం కుమిలిపోయే పిల్లల చేత రోజుకు యాభైసార్లు ఆ మాట అనిపించుకునేది, ఎవరైనా తడబడితే మళ్ళీ అనిపించేది. ఆవిడకి అందులో తప్పేమీ కనబడలేదనే నేను నమ్ముతాను. తాను చాలా మంచిదాన్నని ఆవిడకు గట్టి నమ్మకం, అదే అసలు చిక్కు.

దాతలిచ్చిన కంచాల మీద గీతలు పడితే మాటొస్తుందని ఆవిడ మమ్మల్ని గోనెగుడ్డలో చుట్టి సామాన్ల గదిలో ఇనప బీరువాలో పెట్టేసింది. పిల్లలు ఏడాది పొడుగునా సొట్టలు పడ్డ సత్తు కంచాల్లో తినేవారు. ఎరుకమ్మ తద్దినం నాడు నూకరత్నం వచ్చి భోజనాలు పెట్టించే ఒక్క పూట మేం బయటికి వచ్చేవాళ్ళం. మళ్ళీ తోమించి, తుడిపించి, గోనెలోకి.

సామాన్ల గదిలో బియ్యం బస్తాలు, ఫినాయిలు డబ్బాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు ఉండేవి. గోడకి పైన ఎక్కడో జానెడు వెంటిలేటరు. తలుపుకు గడియ బయటివైపే ఉంది. బీరువా తలుపు సరిగ్గా పడదు, గోనె ఒక చోట చిరిగింది, ఆ సందులోంచి నాకు గది కనబడేది. కనబడకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ గదిలోకి మంగను మొదటిసారి తోసినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. దాని అక్క సంపూర్ణకు పద్నాలుగు. సముద్రం పక్క పల్లె వాళ్ళది. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు, తల్లి కామెర్లతో పోయింది. రెండేళ్ళు మేనమామ ఇంట్లో ఉన్నారు. ఆ ఇంటి గుర్తు మంగ మోచేతి మీద వాతలా మిగిలింది. ఇక్కడికొచ్చాక మంగ రోజూ పక్క తడిపేది. భయపడ్డ పిల్లలు అలా చేస్తారని నాబోటి రేకుముక్కకే అర్థమైంది. విమలాదేవికి మాత్రం అది పొగరులా కనబడింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక మంగకు నీళ్ళు ఇవ్వొద్దంది. అప్పటికీ తడిపితే, బడి వదిలినప్పటి నుంచి భోజనం గంట కొట్టేదాకా సామాన్ల గదే.

మంగ అరవలేదు, తలుపు బాదలేదు. బియ్యం బస్తాల మధ్య మోకాళ్ళు పొదువుకుని కూచుని పెదాలు తడుపుకుంటూ బస్తాలు లెక్కపెట్టేది. పద్దెనిమిది. మళ్ళీ మొదటినుంచి పద్దెనిమిది. అది చూస్తే నాకు వణుకొచ్చింది. కంచం వణికితే గలగలమంటుంది కదా, ఆ చప్పుడుకి ఆ పిల్ల ఉలిక్కిపడి మూలకు జరిగి తల దాచుకుంది. ఆనాటి నుంచి నేను వణకడం కూడా మానుకున్నాను.

సంపూర్ణ దొంగతనంగా వచ్చి తలుపు కింది సందు దగ్గర నోరు పెట్టి మాట్లాడేది. వాళ్ళ వైపు అక్కను అప్ప అంటారు.

"మంగా, ఉన్నావేటే?"

"ఉన్నానప్పా. దాహమేస్తంది."

"కొంచెం ఓర్సుకోయే. గంట కొట్టేస్తారు."

ఒకరోజు ఓర్చుకోమనడానికి సంపూర్ణకు నోరు రాలేదు. డబ్బా మూతలో నీళ్ళు తెచ్చి తలుపు కిందనుంచి తోసింది. మూత గడపకు తగిలి ఒలికింది. మంగ నేల మీదకి వంగి అందినన్ని తాగింది. తరవాత విమలాదేవి తలుపు తీసి తడిసిన నేల చూసి, "ఇక్కడా పాడుచేశావా?" అని ఇంకో మూడు రోజులు వేసింది. నీళ్ళు తెచ్చింది నేనని సంపూర్ణ చెబితే ఇద్దరినీ విడదీస్తారు. చెప్పకపోతే చెల్లి లోపలే ఉంటుంది. ఆ పిల్ల నోరు తెరిచి, మూసి, ఊరుకుంది. ఆ పూట దాని మొహం చూసినవాళ్ళం నేనూ, తలుపూ.

కొన్నాళ్ళకు కాలేజీ నుంచి ఒకావిడ సర్వే కాగితాలు పట్టుకుని వచ్చింది. పిల్లల మనసు ఎలా ఉంది, బతుకు ఎలా ఉంది అని కొలిచే కాగితాలట. ఒక్కో ప్రశ్న పక్కన ఐదు మొహాల బొమ్మలు, పక పకా నవ్వే మొహం నుంచి భోరుమనే మొహం దాకా. హాలు మా గోడ అవతలే కాబట్టి నాకన్నీ వినబడ్డాయి. "నిజం రాయండమ్మా. ఎవరూ ఏమీ అనరు" అందా కాలేజీ ఆవిడ, పాపం మనస్ఫూర్తిగానే. విమలాదేవి పిల్లల వెనకే తిరుగుతూ, "మీరంతా సంతోషంగానే ఉన్నారు కదర్రా" అంటోంది. సంపూర్ణ అన్నిటికీ నవ్వే మొహం మీదే గీత గీసింది. చెల్లెలికీ ముందే చెప్పిపెట్టింది. కానీ మంగ ఆ కాలేజీ ఆవిడ మాట నమ్మింది.

బస్సు వేళ మించిపోతోందని ఆవిడ తొందరపడుతుంటే, "మీకెందుకండీ శ్రమ, కాగితాలు సర్ది రేపు నేను పంపిస్తాను" అంది విమలాదేవి. అన్నమాట ప్రకారం సర్దింది కూడా. మా గదిలోకి తెచ్చి, బియ్యం బస్తా మీద కూచుని, ఒక్కొక్కటీ చూసింది. ఒక కాగితం దగ్గర ఆగింది. అన్నిటి పక్కనా ఏడుపు మొహమే. 'పోయిన వారంలో ఎన్ని రోజులు భయపడ్డావు?' అన్నదానికి పిల్ల చేతి వంకర అంకె, ఏడు. ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఖాళీ కాగితం తీసి, నవ్వే మొహాలు నింపి, మంగ పేరు రాసింది. రాస్తూ రాస్తూ ఆవిడ రెండుసార్లు తలుపు వైపు చూడడం నేను చూశాను. ఆవిడకీ భయమే, తన పైవాళ్ళంటే. అయినా నాకు జాలి కలగలేదు.

మర్నాటి నుంచి మంగకు పక్క తడిపినా తడపకపోయినా సామాన్ల గదే. పైగా సంపూర్ణను పిలిచి, "వచ్చే నెల మీ చెల్లిని వేరే జిల్లాకి పంపించేస్తున్నాను. అక్కడైనా బాగుపడుతుంది" అని చెప్పింది.

ఇక సంపూర్ణకు అన్నం దిగలేదు. పాఠం చదువుతూ మధ్యలో ఆగిపోయేది. తాళాల గుత్తి గలగలమంటే చేతిలో ఏముంటే అది వదిలేసేది. చెల్లిని పట్టుకెళ్ళిపోతే అది ఏ గదిలో, ఎవరి తలుపు వెనకాల ఉంటుందో తనకు తెలిసే దారే ఉండదు. ఉత్తరం రాద్దామంటే ఎవరికి రాస్తుంది? రాసినా గేటు దాటదు. ఏ కాగితమైనా విమలాదేవి చేతిలోంచే పోవాలని ఆ సర్వేతో తెలిసిపోయింది.

అప్పుడే ఎరుకమ్మ తద్దినం దగ్గరకొచ్చింది. ముందురోజు మమ్మల్ని బీరువాలోంచి తీసి కొళాయి దగ్గర పెట్టి, ఒబ్బిడిగా తోముతుందని సంపూర్ణకు అప్పగించారు. నా వంతు వచ్చింది. నన్ను బోర్లించి, ఎరుకమ్మ పేరు మీద వేలు పెట్టి, అలా ఉండిపోయింది. పోయిన ఏడాది ఆ పిల్ల చూసిన సంగతి నాకు గుర్తొచ్చింది. నూకరత్నం తినబోయే ముందు కంచం తిరగేసి, తల్లి పేరు కళ్ళకద్దుకుని, అప్పుడు వడ్డించమంది. ఆ ఊళ్ళోకెల్లా ఆ కంచాల వీపు చూసే మనిషి ఆవిడ ఒక్కతే.

సంపూర్ణ గౌను జేబులోంచి జామెట్రీ డబ్బాలోని కాంపస్ ముల్లు తీసింది.

'వద్దే తల్లీ' అన్నాను, నా భాషలో. వినబడలేదు. ముల్లు దిగింది. కార్ఖానా గుద్దుకి నొప్పేసింది, కొట్లో సూదికి నొప్పేసింది, దీనికి మాత్రం నొప్పి తెలియలేదు, భయమొక్కటే తెలిసింది. ఎరుకమ్మ పేరు కింద అక్షరం అక్షరం గీరింది: 'మా చెల్లి మంగ సామాన్ల గదిలో ఉంది. నీళ్ళు ఇవ్వరు. ఎవరికీ చెప్పకండి. వచ్చి చూడండి.'

చివరి అక్షరం ఇంకా పూర్తవలేదు. తాళాల చప్పుడు.

"ఇంకా ఎన్నున్నాయి?"

"అయిపోనాయమ్మా."

నన్ను వెల్లకిలా తిప్పి దొంతర మీద పెట్టింది. ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

మర్నాడు హాల్లో వరసలు తీర్చారు. మంగ సామాన్ల గదిలోనే ఉంది. చుట్టాలొచ్చిన రోజు ఆ మొహం ఎవరికీ కనబడకూడదని పొద్దున్నే గడియ పెట్టేశారు. సంపూర్ణ నన్ను విడిగా చంకలో పెట్టుకుని, నూకరత్నం కూచోగానే ఆవిడ ముందు పెట్టాలని కాచుకుని ఉంది. కానీ ఆ ఏడాది విమలాదేవి మర్యాద పెంచింది. అతిథి కోసం పువ్వుల పింగాణీ కంచం తెప్పించి నూకరత్నం ముందు పెట్టింది. తాను పక్కన కూచుని, "ఇలా ఇవ్వు" అని సంపూర్ణ చంకలోంచి నన్ను లాక్కుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ నన్ను ఒడిలో పెట్టుకుని కబుర్లు చెబుతోంది. ఎడమచేతి ఉంగరం వేలు నా వీపు మీద ఊరికే అటూ ఇటూ రాస్తోంది. 'కీ.శే.' దాటింది, 'నూకరత్నం' దాటింది. ఇంకో అంగుళం కిందకి దిగితే కొత్త గరుకు తగులుతుంది. సంపూర్ణ గోడకి ఆనుకుని నిలబడింది. వంటామె పప్పు గిన్నెతో వస్తోంది. పప్పు పడితే ఇక నన్ను తిరగేసేవాళ్ళు లేరు.

"ఏటమ్మా ఇది? మాయమ్మ పేరున్న కంచం మీరెట్టుకుని నాకు పువ్వుల కంచం ఏస్తారేటి? ఇలా తెండి" అంది నూకరత్నం.

"అయ్యో, మీకు మర్యాదగా ఉంటుందనీ..."

"మాయమ్మకి కావాల మరియాద, నాకెందుకు!" అని విమలాదేవి చేతిలోంచి నన్ను తీసేసుకుంది.

తిరగేసింది. కళ్ళజోడు లేదు. ఏటా బొటనవేలితోనే తల్లి పేరు తడుముకుంటుందావిడ. ముప్పై ఏళ్ళు నోట్లూ టిక్కెట్లూ తడిమిన వేలు. పేరు చివర ఆగవలసిన వేలు ఆగలేదు. కిందకి జారింది. గరుకు తగిలింది. మళ్ళీ వెనక్కి వచ్చి తడిమింది. అప్పుడు నెమ్మదిగా సంచీ తెరిచి, కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడిచి, పెట్టుకుంది. ఇంతసేపూ విమలాదేవి బియ్యం ధరల గురించి మాట్లాడుతూనే ఉంది.

నూకరత్నం చదివింది. ఆవిడ ఊపిరి నాకు తగిలింది. నన్ను కళ్ళకద్దుకుంది, ఎప్పటికంటే ఎక్కువసేపు. తరవాత నన్ను కింద పెట్టి, "వడ్డించమ్మా" అంది మామూలుగా.

అంతే. ఇంకేమీ అనలేదు. సంపూర్ణ మొహం పాలిపోయింది. ఆవిడకు ఆ గీతలు అర్థం కాలేదేమో, అర్థమైనా తనకెందుకు అనుకుందేమో! అదే అనుకున్నాను నేనూ. నా వీపు మీద ఇప్పుడు ఒక పిల్ల నేరం ఉంది. సాయంత్రం తోమేవాళ్ళు చూస్తారు. సంపూర్ణ ఇక్కడ, మంగ ఇంకెక్కడో, మధ్యలో ఎన్ని గడియలో.

నూకరత్నం ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకోలేదు. హాలంతా ఒకసారి కలయజూసింది, పెదాలు కదుపుతూ, వేలు కొద్దిగా ఊపుతూ. బస్సులో అలాగే లెక్కపెట్టేది కాబోలు.

"పిల్లలు ఎంతమందమ్మా?"

"ముప్పై ఎనిమిది మందండీ."

"ముప్పై ఏడు తలకాయలే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు అదే పని సేసినదాన్ని. ఒక గుంట తక్కువుంది."

"ఒకమ్మాయికి జ్వరం. ఆస్పత్రిలో ఉంది."

"ఏ ఆస్పత్రి? కేరేజీ కట్టండి, నానే అట్టుకెల్తాను."

"ముందు మీరు భోంచెయ్యండి" అంది విమలాదేవి. నూకరత్నం చెయ్యి కడగకుండానే లేచింది. "మాయమ్మ తద్దినం నాడు ఒక గుంట పస్తుంటే నాకు ముద్ద దిగదమ్మా. సామాన్లెట్టే గది ఎటున్నాది?"

విమలాదేవి వరసల వైపు చూస్తోంది. ముప్పై ఏడు తలలు వంగిపోయాయి. నాకు బాగా గుర్తు, ఒక్క గాజు కూడా చప్పుడు కాలేదు. చెప్పకూడదని ఎవరూ వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు, ఏళ్ళ తరబడి నేర్పిన చదువది. అప్పుడు సంపూర్ణ, గోడకి అతుక్కుపోయిన సంపూర్ణ, నోరు విప్పలేదు గానీ తల తిప్పింది. సామాన్ల గది తలుపు వైపు చూసింది. దాని పక్క పిల్ల చూసింది. ఆ పక్క పిల్ల. వరస వెంట వరస, ముప్పై ఏడు మొహాలూ ఆ ఒక్క తలుపు వైపు తిరిగాయి.

నూకరత్నం నన్ను పట్టుకునే వెళ్ళి గడియ తీసింది. మంగ బీరువా పక్కన గోనెలో ముడుచుకుని ఉంది. వెలుతురికి కళ్ళు చిట్లించి, లేచి నిలబడి, గౌను ముందుకు లాగి చూపిస్తూ చెప్పింది.

"నాను తడపనేదమ్మా. సూడండి, పొడిగానే ఉంది."

నూకరత్నం గడప మీదే కూలబడింది. బస్సులో తాగుబోతులనూ రౌడీలనూ దింపేసిన మనిషి, భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే ఒక చేత్తో పిల్లను దగ్గరకు తీసుకుంది, రెండో చేత్తో ఫోను తీసింది. ఎవరో నీళ్ళు తెచ్చారు. మంగ గ్లాసు వంక చూసి, విమలాదేవి వంక చూసి, పుచ్చుకోలేదు. ఆవిడ అక్కణ్ణుంచి వెళ్ళాకే తాగింది.

ఆ సాయంత్రం అధికారులొచ్చారు. నన్ను ఒక తెల్లగుడ్డ సంచీలో వేసి, లక్కముద్ర వేసి, చీటీ కట్టారు. నాకిప్పుడు పేరుతో బాటు నంబరు కూడా ఉంది. ఎరుకమ్మ తద్దినం వచ్చినప్పుడల్లా నూకరత్నం వచ్చి, "మాయమ్మ కంచం ఇచ్చేస్తారేటి?" అని అడుగుతుంది. కేసు తేలాక అంటారు. విమలాదేవి తరఫువాళ్ళు అవి తోమేటప్పుడు పడ్డ గీతలని రాసిచ్చారట. కొబ్బరిపీచుకు తెలుగు ఇంత బాగా వచ్చని నాకు అంతవరకు తెలియదు.

అక్కచెల్లెళ్ళు ఇప్పుడు వేరే నిలయంలో ఉన్నారు, ఇద్దరూ ఒకే చోట. సంపూర్ణ అడిగింది అదొక్కటే. బాగున్నారా అంటే ఏం చెప్పను? సంచీలో ఉన్నదాన్ని. విచారణ రోజున ఒక్కసారి బయటికి తీశారు, అప్పుడు చూశాను. ఎవరి తాళాలో గలగలమంటే సంపూర్ణ చెయ్యి ఇంకా చెల్లి భుజం మీదకి పోయింది.

బల్ల మీద నన్ను పెట్టారు, పక్కన నీళ్ళ జగ్గు. విచారించే ఆవిడ మంగ ముందుకు ఒక కాగితం జరిపింది. ఐదు మొహాల కాగితం, అదే. నాకు గుండె లేదు, అయినా అది ఆగింది. మంగ కాగితం ముట్టుకోలేదు. జగ్గు వైపు చూసి అక్క చెవిలో ఏదో అడిగింది.

"అడగక్కర్లేదే" అంది సంపూర్ణ.

మంగ తనే వంచుకుని గ్లాసుడు తాగింది. ఇంకో గ్లాసు తాగింది. తాగి, అలవాటుగా గౌను తడుముకుని చూసుకుంది. అప్పుడు పెన్సిలు తీసుకుని, విచారించే ఆవిడను అడిగింది.

"ఇది రాసేక ఎవురి సేతికెల్తాది?"

ఆవిడ ఒక కవరు తీసి మంగ ముందు పెట్టింది.

పెన్సిలు చాలాసేపు కదల్లేదు. తరవాత ఒక్కో ప్రశ్నకీ ఒక్కో గీత గీసిన చప్పుడు వినబడింది. ఏ మొహం మీద గీసిందో నాకు తెలియదు, నా అడుగు అందరూ చదవాలని నన్ను బోర్లించి పెట్టారు, అంచు పక్కనుంచి మనుషులు కనబడతారు గానీ కాగితం మీది గీత కనబడదు. మంగ ఆ కాగితాన్ని మడిచి, కవరులో పెట్టి, అంచు నాలుకతో తడిపి, తన చేత్తోనే అంటించింది.